బరువు కంటే ముందు మాట మారింది

2024 జూలై 6, శనివారం తెల్లవారుజామున, రాత్రి వానకు తడిసి ఉన్న మా అపార్ట్‌మెంటు మెట్ల మీద జారి నా కుడి చీలమండ బెణికింది. ఎముకకు ఏమీ కాలేదని ఎక్స్‌రేలో తేలింది. పది రోజులు కాలికి పని చెప్పవద్దని, వాపు తగ్గాక మెల్లగా నడక మొదలుపెట్టవచ్చని డాక్టరు గారు చెప్పారు. వాపు సరిగ్గా పది రోజులకే తగ్గిపోయింది. నేను మళ్లీ నడకకు వెళ్లింది మాత్రం అక్టోబరు 14న. ఆ రెండు తేదీల మధ్య నా ఒంటికి పెద్దగా ఏమీ కాలేదు గానీ మనసుకు చాలా అయింది. దాన్ని ఇంట్లో అందరి కంటే ఆలస్యంగా గుర్తించినదాన్ని నేనే.

నేను విశాఖపట్నంలో ఆదాయపు పన్ను రిటర్నులు, జీఎస్టీ లెక్కలు చూసే పని చేస్తాను. రోజులో తొమ్మిది పది గంటలు కుర్చీలోనే గడుస్తాయి. 2018లో రక్తపరీక్షలో చక్కెర హద్దు దగ్గరికి వచ్చిందని తెలిసి, భయపడి నడక మొదలుపెట్టాను. రెండు నెలల్లో భయం పోయింది, నడక మిగిలింది. కాళీమాత గుడి దగ్గర స్కూటీ ఆపి, ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని దాటుకుంటూ వెళ్లి, మళ్లీ అదే దారిన తిరిగి రావడం వారానికి అయిదు రోజులు, రోజుకు 45 నిమిషాలు. ఆ వేళప్పుడు బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు కనుక రోడ్డంతా నడిచేవాళ్లదే. ఒక పక్క రాగిజావ అమ్మేవాళ్లు స్టీలు క్యాన్లు సర్దుకుంటూ ఉంటారు, ఇంకో పక్క కొందరు పెద్దవాళ్లు గుండ్రంగా నిలబడి చేతులెత్తి పెద్దగా నవ్వుతూ ఉంటారు. ఒక్కో రోజు ఒడ్డున జాలర్లు అలివి వల లాగుతుంటే, అది పూర్తిగా పైకి వచ్చేదాకా నిలబడి చూసి, ఆ పది నిమిషాలను కూడా నడక కిందే లెక్క వేసుకున్న సందర్భాలు నాకున్నాయి. లెక్కల మనిషినైనా ఈ ఒక్క విషయంలో కాస్త పట్టీపట్టనట్టు ఉండేదాన్ని.

పది రోజులు మూడు నెలలు ఎలా అయ్యాయో ఈ వృత్తిలో ఉన్నవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. వాపు తగ్గేసరికి జూలై సగం గడిచింది. జూలై 31 రిటర్నులకు గడువు కనుక ఆ పదిహేను రోజులూ ఉదయం అయిదింటికే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆగస్టులో శ్రావణ శుక్రవారాలు, వరలక్ష్మీ వ్రతం వచ్చాయి. సెప్టెంబరు మొదట్లో వినాయక చవితి, దాని వెనకే ఇల్లు కదలనివ్వని వానలు. ఆ నెలాఖరుకు ఆడిట్ నివేదికల గడువు. ఆ తర్వాత దసరా ఎలాగూ వస్తోంది కదా, పండగ వెళ్లాక మొదలుపెడదాం అనుకున్నాను. వీటిలో ఏ ఒక్క కారణమూ అబద్ధం కాదు. అయితే అంతకు ముందు ఆరేళ్లలో కూడా ఈ గడువులూ పండగలూ వానలూ అన్నీ వచ్చాయి, వాటి మధ్యే నేను నడిచాను.

మొదటి నెలలో బరువు తూచుకుంటే అర కిలో కూడా పెరగలేదు. మా ఇళ్లలో వ్యాయామం అనగానే అందరూ చూసేది బరువు, నడుము చుట్టుకొలత, చక్కెర, బీపీ. అవన్నీ ఉన్నచోటే ఉన్నాయి కనుక నడక మానినందువల్ల నాకేమీ నష్టం జరగలేదని నమ్మాను. అదే సమయంలో నేను ఇంట్లో ఎలా మాట్లాడుతున్నానో నాకు వినిపించలేదు.

ఒక సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. జూలై చివరి వారం. హాల్లో బల్ల మీద ఎవరివో ఫారం-16 కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. మా అత్తయ్య గారు రిమోట్ పట్టుకుని వచ్చి, "అమ్మాయ్, ఇందులో బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి" అన్నారు. నేను తల ఎత్తలేదు. కాసేపటికి మళ్లీ అడిగారు. మూడోసారి అడిగినప్పుడు నేను ఏమన్నానో ఇక్కడ రాయను. గొంతు పెద్దది చేసి అనలేదు, అంతకంటే హీనంగా, చల్లగా అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. ఆ రిమోట్‌ను దాని ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టి, టీవీ పక్కన ఉంచి, వెలగని టీవీ ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బ్యాటరీలు నా చేతికి అందేంత దూరంలో, సొరుగులోనే ఉన్నాయి. నాకు ఆ క్షణంలో కలిగింది పశ్చాత్తాపం కూడా కాదు, ఇంకా చిరాకు. చిరాకు పడ్డందుకు నా మీద నాకే చిరాకు కలిగింది, దాన్ని కూడా ఆవిడ ఖాతాలోనే రాసేశాను.

అలాంటివి తర్వాత చాలా జరిగాయి. కుక్కరు మూత సరిగా పెట్టలేదని మావారితో, ఫోను చేయలేదని హాస్టల్లో ఉన్న మా అబ్బాయితో, వాడు ఫోను చేస్తే పని వేళలో చేశాడని మళ్లీ వాడితోనే గొడవ. రాత్రి పదకొండింటికి పడుకుంటే రెండింటికి మెలకువ వచ్చేది. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఒక నిట్టూర్పు. ఏడుపు రాలేదు, పెద్ద దుఃఖం లేదు. రంగులన్నీ ఒక వన్నె తగ్గినట్టు, ఉప్పు వేయడం మరిచిపోయిన పప్పులా రోజులు గడిచాయి. దీనికంతటికీ నా దగ్గర కారణాలు సిద్ధంగా ఉండేవి: గడువులు, ఉక్కపోత, వేళకు కాగితాలు పంపని క్లయింట్లు, చివరికి వయసు. నలభై ఏడేళ్లకు ఒంట్లో జరిగే మార్పుల మీద కూడా చాలా భారం వేశాను. అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా.

దసరా రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్య గారు తమలపాకులు తుడుస్తూ, ఎవరితోనో అన్నట్టుగా, "నువ్వు బీచికి వెళ్లడం మానేసిన దగ్గర్నుంచి నీతో మాట్లాడాలంటే బెదురుగా ఉంటోందమ్మా" అన్నారు. నాకు మొదట తగిలింది బెదురు అన్న మాట. బీచి అన్న మాట గురించి రాత్రికి గానీ ఆలోచించలేదు. ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదు, ఏ వీడియో చూడలేదు. ఉదయం ఆరున్నరకు తలుపు తీసుకుని లోపలికి వచ్చే మనిషికీ, అదే వేళకు కుర్చీలో నుంచి తల ఎత్తని మనిషికీ తేడా చూశారు, అంతే.

ఆ రాత్రి నా డైరీ తీశాను. నాది పెద్ద డైరీ కాదు, తేదీ పక్కన రెండు మూడు ముక్కలు రాసుకునే అలవాటు మాత్రమే ఉంది. నడిచిన రోజు పక్కన చిన్న టిక్కు పెడతాను. బ్యాంకు స్టేట్‌మెంటునూ నగదు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూసుకున్నట్టు, టిక్కులు లేని రోజులను ఒక వరుసగా చదువుకుంటూ వెళ్లాను. మొదటి వారం: "నీరసం", "మధ్యాహ్నం నిద్ర". రెండో వారం: "రాత్రి నిద్ర లేదు", "పని ముందుకు సాగలేదు". మూడో వారం నుంచి మనుషుల పేర్లు, వాళ్లు చేసిన తప్పులు. ఆ మూడు నెలల్లో నేను రాసుకున్నదంతా ఇతరుల తప్పుల జాబితాలా ఉంది. ఖర్చు నిజంగానే జరిగింది, కానీ ప్రతిసారీ దాన్ని తప్పు ఖాతాలో రాశాను. నా దగ్గరికి వచ్చే లెక్కల్లో ఇలాంటిది కనిపిస్తే అరగంటలో పట్టుకునేదాన్ని.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినవి చదివాను. 2006లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం నా డైరీని ముందే చూసి రాసినట్టు అనిపించింది. క్రమం తప్పకుండా వ్యాయామం చేసే 40 మందిని తీసుకుని, వారిలో కొందరిని రెండు వారాల పాటు పూర్తిగా మానేయమని, మిగిలినవారిని ఎప్పటిలాగే కొనసాగించమని చెప్పారు. మానినవారిలో ముందుగా కనిపించింది అలసట, ఒంట్లో నీరసం. దిగులు, నిరుత్సాహం వంటి మనసుకు సంబంధించిన లక్షణాలు ఆ తర్వాత, రెండో వారానికి వచ్చాయి. పని చేయనప్పుడు అలసట పెరగడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కానీ దేహదారుఢ్యం తగ్గేకొద్దీ అదే పని ఎక్కువ బరువుగా తోస్తుంది, ఆ బరువును మనసు దిగులుగా అనువదించుకుంటుంది. రెండు వారాలంటే మనం సెలవు అనుకునే కాలం. బరువు చూపించే యంత్రం అప్పటికి ఇంకా ఏమీ చెప్పదు.

అంతకంటే పాతది, 1970లో వచ్చిన ఒక పరిశోధన కథ నాకు మరీ నచ్చింది. ఫ్రెడరిక్ బేక్‌లాండ్ అనే ఆయన, వ్యాయామం మానేస్తే నిద్ర ఎలా మారుతుందో చూడాలనుకుని, రోజూ వ్యాయామం చేసేవారిని ఒక నెల మానేయమని అడిగాడు. డబ్బిస్తానన్నా ఒప్పుకున్నవాళ్లు లేరు. చివరికి వారానికి మూడు నాలుగు రోజులు చేసేవారితో సరిపెట్టుకోవలసి వచ్చింది. వాళ్లకు కూడా ఆ నెలలో నిద్ర చెడింది, ఆందోళన పెరిగింది. ఆయన ఫలితాల కంటే, దొరకని ఆ మనుషులే నాకు ఎక్కువ చెప్పారు. డబ్బు కాదని నడకను ఎంచుకున్నవాళ్లకు తాము ఏం కోల్పోతారో ముందే తెలుసు. నేను మాత్రం పైసా తీసుకోకుండానే మూడు నెలలు ఆ ప్రయోగంలో పాల్గొన్నాను.

కారణాల దగ్గరికి వస్తే, వ్యాయామం చేస్తే ఎండార్ఫిన్లు వస్తాయి, అందుకే హాయిగా ఉంటుంది అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కథ అంత తేలికగా లేదు. రక్తంలోకి వచ్చిన ఎండార్ఫిన్లు మెదడు చుట్టూ ఉండే వడపోతను దాటి లోపలికి వెళ్లడం కష్టం. అందుకని పరిశోధకుల చూపు ఇంకో పదార్థం మీదికి కూడా మళ్లింది. అది కొవ్వు జాతికి చెందినది కనుక ఆ వడపోతను సులువుగా దాటుతుంది. 1992లో జెరూసలేంలో రాఫెల్ మెషూలం బృందం దాన్ని కనుగొని, సంస్కృతంలోని ఆనందం అన్న మాటను తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టింది. పరుగు తర్వాత రక్తంలో ఇది పెరుగుతుంది. మన మాట అంత దూరం వెళ్లి ఒక అణువుకు పేరైందని తెలిసినప్పుడు, ఎందుకో తెలియదు గానీ, నాకు చిన్నపాటి గర్వం కలిగింది. అయితే ఇది కూడా మొత్తం కథ కాదు. కదలిక వల్ల మెదడులో నాడీకణాలకు ఊతమిచ్చే ప్రోటీన్లు పెరుగుతాయి, గాఢనిద్ర మెరుగుపడుతుంది, ఉదయపు వెలుతురు కంట పడితే ఒంటి గడియారం సరిగా నడుస్తుంది. వీటిలో నిద్ర ఒక్కటి తెగినా మర్నాటి గుణం మారిపోతుందని పసిపిల్లల తల్లులను అడిగితే చెబుతారు.

ఇక్కడ నాకు నిజాయితీగా ఒక సందేహం ఉంది. నేను పోగొట్టుకున్నది నడకనా, సముద్రాన్నా? అక్కడ రోజూ పలకరించే మనుషులనా, లేక ఎవరికీ ఏమీ చేసిపెట్టనవసరం లేని ఆ 45 నిమిషాలనా? వీటిని విడదీయడం నాకు సాధ్యం కాలేదు. "ఇంటిపని చేస్తూనే ఉంటాం కదా, వేరే వ్యాయామం ఎందుకు" అనే మాట మా బంధువుల్లో ఆడవాళ్ల నోట తరచుగా వింటాను, ఒకప్పుడు నేను కూడా అన్నాను. ఆ మూడు నెలలూ నేను ఊడ్చాను, తుడిచాను, నాలుగో అంతస్తుకు కూరగాయలు మోశాను. ఒళ్లు కదిలింది, మనసు కదలలేదు. తీరిక వేళ ఇష్టపడి చేసే కదలికకు మనసు బాగుండడంతో ఉన్న ముడి, తప్పక చేసే పనిలోని కదలికకు అంతగా కనిపించదని పరిశోధనలు కూడా అంటున్నాయి. మన దేశంలో 2022 నాటికి పెద్దవారిలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని, అందులో పురుషుల కంటే స్త్రీల వాటా ఎక్కువని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. ఆ అంకె చూసి ఆడవాళ్లు బద్ధకస్తులని అనేవారు ఉంటారు. తెల్లవారుజామున అయిదున్నరకు ఆ ఇళ్లలో పొయ్యి ఎవరు వెలిగిస్తారో చూసి మాట్లాడితే బాగుంటుంది. నేను నడకకు వెళ్లిన ఆరేళ్లూ మా ఇంట్లో మొదటి కాఫీ కలిపింది మావారు. ఆయన కలపకపోయి ఉంటే నా క్రమశిక్షణ ఎన్నాళ్లు నిలిచేదో చెప్పలేను.

ఎంత చేస్తే చాలు అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. కానీ మనసు వరకు వస్తే ఇంకా తక్కువతోనే ఫలితం మొదలవుతుందని నార్వేలో 33,908 మందిని 11 ఏళ్లు గమనించిన అధ్యయనం చెబుతోంది. అందరూ వారానికి కనీసం ఒక గంట కదిలి ఉంటే, తర్వాత వచ్చిన డిప్రెషన్ కేసుల్లో 12 శాతం రాకుండా ఉండేవని వారు అంచనా వేశారు. అదే అధ్యయనంలో ఆందోళన రుగ్మతల విషయంలో అలాంటి రక్షణ కనిపించలేదని కూడా రాశారు. ఈ రెండో వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. నడక సర్వరోగ నివారిణి కాదు. 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డిప్రెషన్ ఉన్న 156 మంది పెద్దవయసువారి మీద చేసిన పరిశోధనలో, 16 వారాలు గడిచేసరికి వ్యాయామం చేసినవారూ మందు వాడినవారూ ఇంచుమించు ఒకే స్థాయిలో కోలుకున్నారు. మొదటి వారాల్లో మాత్రం మందే త్వరగా పని చేసింది. దీన్ని చదివి ఎవరైనా డాక్టరు ఇచ్చిన మాత్రలు పక్కన పెట్టి బూట్లు తొడుక్కుంటే అది పొరపాటు. నాది రుగ్మత కాదు, మసకబారడం. రోజుల తరబడి దేని మీదా ఆశ లేకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

మానేయడంలో ఉన్న అసలు చిక్కు ఏమిటంటే, మళ్లీ మొదలుపెట్టడానికి కావలసిన హుషారు కూడా దానితోనే పోతుంది. నడిచేవాడికి నడవాలనిపిస్తుంది, మానినవాడికి మానడానికి ఇంకో కారణం కనిపిస్తుంది. సంగతి తెలిసిన తర్వాత కూడా దసరా మర్నాడు నేను లేవలేదు. ఆ మర్నాడు, సోమవారం, చెప్పుల అలమారాలో కింది అర నుంచి బూట్లు బయటికి తీశాను. ఎడమ బూటు మడమ దగ్గర సాలెపురుగు గూడు కట్టింది. కుడి బూటు బోర్లించి తట్టితే, జూలై నాటి ఇసుక పొడిగా, ఒక చిటికెడు, గచ్చు మీద పడింది. అది చూసి నేను కొద్దిసేపు అక్కడే పీట మీద కూర్చున్నాను.

మొదటి రోజు బీచికి వెళ్లలేదు. మా వీధి చివర పాలబూత్ దాకా వెళ్లి, తిరిగి వచ్చాను. డైరీలో రాసింది 12 నిమిషాలు. మన ఆయుర్వేదంలో అర్ధశక్తి అనే మాట ఉంది. ఒంట్లో సగం బలం మిగిలి ఉండగానే వ్యాయామం ఆపాలని దాని భావం. ఆరంభశూరత్వం ఎక్కువ ఉన్న నాలాంటివారికి అది బాగా పనికివచ్చే సలహా. నాలుగో రోజుకు కాళీమాత గుడి దగ్గర స్కూటీ ఆపాను. రోజూ నడిచే రిటైరైన మాస్టారు ఒకరు ఎదురై, "ఏమ్మా, ఊళ్లో లేవా ఇన్నాళ్లు?" అని అడిగారు. ఊళ్లోనే ఉన్నానని చెప్పడానికి మొహమాటపడి, కాలు చూపించాను. "కాలు ఏ నెలలో?" అన్నారు. లెక్కల మాస్టారట.

నిద్ర మూడో వారానికి కుదుటపడింది. మాట ఎప్పుడు మారిందో తేదీ చెప్పలేను, డైరీలో మనుషుల పేర్లు మాత్రం తగ్గాయి. అత్తయ్య గారి రిమోట్‌కు ఇప్పుడు నాలుగు బ్యాటరీలు ముందే కొని ఉంచుతున్నాను. ఆవిడ నా ముఖం చూసి, ఒక్కోసారి, "వాన అని ఇవాళ వెళ్లలేదు కదూ" అంటారు. వెళ్లని రోజును ఆవిడ కాఫీ గ్లాసు పెట్టిన చప్పుడును బట్టే పట్టేస్తారు.

ఈ వారం మూడు రోజులుగా ఆగకుండా వాన పడుతోంది. బీచ్ రోడ్డుకు వెళ్లే వీలు లేక, నిన్న ఉదయం మా అపార్ట్‌మెంటు సెల్లారులోనే, స్కూటర్ల మధ్య, నీళ్ల మోటారు పక్కగా, కారుతున్న పైపు కింద తల వంచుకుంటూ గుండ్రంగా తిరిగాను. నేల తడిగా ఉంది, కాలు ఇంకోసారి బెణకకూడదని చూపంతా కిందే పెట్టుకుని నడుస్తున్నాను. పదిహేనో చుట్టులో ఉండగా వాచ్‌మన్ తన మంచం మీద నుంచి లేచి, టార్చిలైటు వేసి నా ముందు నేలంతా వెతకడం మొదలుపెట్టాడు.

"ఏటి పడిపోనాదమ్మా?" అని అడిగాడు.